నాన్నగారికి వచ్చిన ‘డిజిటల్ అరెస్ట్’ ఫోను: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి):
మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. తన ఆధార్‌తో తీసుకున్న సిమ్ మనీలాండరింగ్ కేసులో బయటపడిందంటూ నిన్న ఆయనకు ఫోను వచ్చింది. వెంటనే వాట్సాప్ వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు వేసుకున్న ఒకడు కనిపించి, గది తలుపు గడియ పెట్టుకోమనీ, అమ్మతో కూడా మాట్లాడవద్దనీ ఆజ్ఞాపించాడు. అమ్మ గట్టిగా తలుపు తట్టడంతో ఆయన ఫోను పెట్టేశారు. సాయంత్రం సుప్రీంకోర్టు ముద్రతో అరెస్టు వారెంటు మెయిల్‌లో వచ్చింది. డిపాజిట్లు తాము చెప్పిన ఖాతాకు పంపితే విచారణ ముగిశాక తిరిగి ఇస్తారట. ఇది మోసమని ఎంత చెప్పినా ఆయన భయం తీరడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు (న్యాయవాది, హన్మకొండ):
అమ్మా, మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి కూడా ఈ సంగతే చెప్పారు. విచారణకు రమ్మని పిలిచే నోటీసును సైతం పోలీసులు వాట్సాప్‌లో ఇస్తే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాంటప్పుడు వీడియో కాల్‌లో అరెస్టు ఎక్కడిది? నాన్నగారిని మీ ఊరి పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లు చెప్పినదానికన్నా అసలైన పోలీసు అధికారి నోట విన్న మాట ఆయనకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి):
ఆ మెయిల్‌కు జవాబివ్వకండి, జతచేసిన ఫైలు తెరవకండి, కానీ చెరిపేయకండి, అది సాక్ష్యం. పంపినవారి పేరుపై నొక్కితే అసలు చిరునామా కనిపిస్తుంది. అది ప్రభుత్వానిదిలా ఉన్నా నమ్మనక్కర్లేదు, చిరునామానూ ఫోర్జరీ చేయగలరు. వచ్చిన ఫోను గురించి కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో, అనుమానాస్పద ఫోన్లపై ఫిర్యాదుల విభాగమైన ‘చక్షు’లో ఫిర్యాదు చేయండి.

ఒకవేళ మీకు తెలియకుండా ఆయన ఏమైనా పంపి ఉంటే, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ చెప్పండి. ఆ డబ్బును వాళ్లు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు వెంటవెంటనే మళ్లిస్తారు కాబట్టి, మధ్యలో ఎక్కడైనా ఆపగలిగేది త్వరగా తెలిసినప్పుడే. పైగా రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఖాతాదారు తానే రహస్య వివరాలు చెప్పేసిన సందర్భాల్లో, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఆయనే భరించాలి.

జవాబు (విజయవాడ నుంచి):
ఆయన్ను పట్టుకున్న భయమల్లా ఆ సిమ్ గురించే కదా. తన పేరు మీద ఏయే మొబైల్ నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీలో ఓటీపీతో చూసుకోవచ్చు. పక్కన కూర్చుని ఆయన చేతే ఆ జాబితా తెరిపించండి. తనది కాని నంబరు కనిపిస్తే, అక్కడికక్కడే తనది కాదని నమోదు చేయవచ్చు.