‘ధూమపాన రహిత’ అనే మాట ఎప్పటిది?

శ్రీకాకుళంలో మా వీధి గ్రంథాలయానికి పొగ తాగరాదనే బోర్డు రాయించాలి. కనీసం 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు ఉండాలని 2008 నాటి నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి కొలతతో పేచీ లేదు. పేచీ అంతా మాటతోనే.

పెయింటరు ‘ధూమపాన రహిత ప్రదేశం’ అంటున్నాడు. ‘పొగరహితం’ చాలదా అని ఒక పెద్దాయన అడిగారు. చాలదు. గుట్కా, ఖైనీలను కూడా పొగరహిత పొగాకు అనే అంటున్నారు మరి!

ధూమపానం చరక సంహితలోనే ఉంది. అయితే అక్కడ అది మూలికల వర్తిని వెలిగించి పొగ పీల్చే చికిత్స. పొగాకు మన దేశానికి పోర్చుగీసువారితో వచ్చింది చాలా శతాబ్దాల తరవాత. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడానికి ‘అడ్డపొగ’ అని చక్కటి పేరు పెట్టిన మా వైపు వాళ్లకు ఈ సంస్కృతం అవసరమే పడలేదు.

బ్రౌన్ నిఘంటువు చూశాను. ధూమము, రహితము విడివిడిగా ఉన్నాయి, సమాసం దొరకలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే అన్నీ ఈమధ్య వార్తలే. హిందీ నుంచి వచ్చి ఉంటుందని తెలిసిన తెలుగు మాస్టారు ఒకరు అన్నారు. హిందీలో అది ‘ధూమ్రపాన్’. అక్కడి నుంచే వస్తే మన మాటలో ఆ రకారం ఏమైనట్టు? నాకు నమ్మకం కుదరలేదు.

2008కి ముందు అచ్చయిన తెలుగు పత్రికలో గానీ, పుస్తకంలో గానీ, ప్రభుత్వ ప్రకటనలో గానీ ‘ధూమపాన రహిత’ అనే మాట మీలో ఎవరికైనా కనిపించిందా?