పిక్సీస్‌ను విడగొట్టింది ఎవరు?

కాజీపేట డ్రమ్స్:
నిన్న ప్రాక్టీసు అయినంక హన్మకొండల చాయ్ తాగుకుంట పిక్సీస్ అనే అమెరికా రాక్ బ్యాండ్ మీద లొల్లి అయింది. మా గిటారిస్టు మాట ఏందంటే, పాటలు గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్‌వి, బ్యాండ్ ఆపే హక్కు గూడ ఆయనదే. నాకు మింగుడు పడ్తలేదు. 1986ల బోస్టన్‌ల నలుగురు కలిసి పెట్టుకున్న బ్యాండ్ అది. 1993ల ఆయన ముందుగాల రేడియోల 'అయిపోయింది' అని చెప్పిండు. బాస్ గిటార్ వాయించే కిమ్ డీల్‌కు, డ్రమ్మర్‌కు తర్వాత ఫ్యాక్స్ పంపిండు. ఏండ్లకేండ్లు వెనక కూసొని కొట్టినోనికి ఒక కాగితమా?

జనగామ అన్న:
తమ్మీ, ఫ్యాక్స్ తప్పే. విడిపోవుడు తప్పు కాదు. 1988 నుంచి 1991 దాక ఏటా ఒక ఆల్బమ్, మనిషి అరిగిపోడా? మన ఒగ్గు కథ చూడు. కథ నడిపేటోడు ఒక్కడే, మిగిలినోళ్లు వంత. ఆయన సాలన్నడంటే సాలు.

నాలుగు తీగలు:
అన్నా, వంత లేకుంటే ఒగ్గు కథ ఒక్క అడుగు నడుస్తదా? ఫ్రాన్సిస్ బాస్ వాయించేటోళ్లు కావాలని పత్రికల ప్రకటన ఇస్తే వచ్చింది కిమ్ ఒక్కతే. అప్పటిదాక బాస్ పట్టలే, తన కవల చెల్లె కెల్లీ బాస్ గిటార్ అడుక్కొని వాయించింది. నేను బాస్ వాయిస్త కాబట్టి చెప్తున్న, వాళ్ల ఆల్బమ్ డూలిటిల్ (1989) హెడ్‌ఫోన్‌ల వినుండ్రి. గిటార్ ఆగుతది, ఆయన గుసగుసలాడుతడు, కింద బాస్, డ్రమ్స్ మాత్రమే నడుస్తయి. గంతల అన్నీ ఒక్కసారి పగుల్తయి. ఆ పగులుడుకు ముందటి బరువంత మోసింది ఆమె. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ గూడ వీళ్ల పద్ధతినే ఎత్తుకోబోయినమని ఒప్పుకున్నడు. గసుంటి మనిషి రాసిన పాట 1990, 1991 ఆల్బమ్‌లల్ల ఒక్కటి లేదు! 1993లనే తన ఇంకో బ్యాండ్ బ్రీడర్స్‌తోని ఆమె చేసిన లాస్ట్ స్ప్లాష్ ఆల్బమ్ అమెరికాల పది లక్షల కాపీలు దాటింది. పాటలు లేక కాదు, చోటు ఇయ్యక. నేను కట్టిన ట్యూన్‌ను గూడ మా బ్యాండ్‌ల మూడుసార్లు పక్కకు పెట్టిన్రు. అది ఎట్లుంటదో నాకు ఎరుకే.

జనగామ అన్న:
చెల్లె, నీ ట్యూన్ సంగతి విని బాధైంది. కానీ 2004ల మళ్ల కలిసినంక 2013ల ఆమె తానే బ్యాండ్ ఇడిసిపెట్టి పోయింది. బ్యాండ్ ఇంకా వాయిస్తుంది కదా, దానికేమంటవ్?

నాలుగు తీగలు:
వాయిస్తున్నరు అన్నా, వద్దనను. ఆమె పోయినంక వచ్చిన ఆల్బమ్‌లు నేనూ విన్న. ఆయన గొంతు తగ్గిన కాడ ఆమె గొంతు వస్తదేమో అని ఇప్పటికీ చెవి పెడ్త. రాదు.