శౌరివారి అద్భుతాల పటం: అసలుది వియన్నాకు ఎట్లా పోయింది? మా ఇంట్లోది ఏంది?

కడపోడు:
మా జేజి వాళ్ల ఇంట్లో, మరియాపురం దగ్గర, హాల్లో ఒక పాత నలుపు తెలుపు పటం ఉంది. నల్ల అంగీ వేసుకున్న గురువు గట్టు మీద నిలబడి చెయ్యి పైకెత్తి ఉంటాడు, కింద చచ్చినోడు లేస్తుంటాడు, గుడ్డివాడు చేతులు చాపి తడుముకుంటూ వస్తుంటాడు, వెనక గుడిలో కొమ్ముల విగ్రహం విరిగిపడుతుంటుంది. పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (సేవియర్) అద్భుతాలని, గీసింది రూబెన్స్ అనే పాతకాలపు యూరప్ చిత్రకారుడని ఫాదర్ గారు చెప్పినారు. ఇప్పుడు పాత సామాన్లు కొనే ఒకాయన ఇది ఒరిజినల్ అని, మంచి రేటు ఇస్తానని వెంటపడుతున్నాడు. నెట్‌లో చూస్తే అసలుది వియన్నా మ్యూజియంలో ఉందంట. బెల్జియం గుడికి వేసింది ఆస్ట్రియాకు ఎట్లా చేరింది, ఎవరైనా ఎత్తుకుపోయినారా?

పాతపటాలు:
ఒరిజినల్ అయ్యే చాన్సే లేదన్నా. అసలుది రంగుల్లో ఉంటుంది, క్యాన్వాసు మీద ఆయిల్ పెయింట్, ఎత్తు 535 సెంటీమీటర్లు, వెడల్పు 395. మీ జేజి హాలు స్లాబు పగలగొడితే తప్ప పట్టదు.

కథ ఏందంటే, బెల్జియంలోని ఆంట్వెర్ప్ ఊర్లో జెస్విట్ సభ అనే కతోలిక సభ గురువులు కొత్త గుడి కట్టుకుంటూ 1617–18 ప్రాంతంలో రూబెన్స్‌తో రెండు పెద్ద పటాలు వేయించినారు, ఒకటి ఆ సభ పెట్టిన ఇన్నాసివారిది (ఇగ్నేషియస్ లొయోలా), ఒకటి శౌరివారిది. ప్రధాన బలిపీఠం మీద చోటు ఒక్క పటానికే, పండుగల కాలాన్ని బట్టి మార్చి మార్చి పెట్టేవాళ్లు. తమాషా ఏంటంటే, ఇవి వేసేనాటికి ఇద్దరికీ ఇంకా పునీత పట్టం రాలేదు, 1622 మార్చి 12న ఒకే రోజు ఇద్దరికీ ఇచ్చినారు. అంటే భక్తితో పాటు కొంత ప్రచారం కూడా ఉందనే నా లెక్క.

1718లో ఆ గుడి మీద పిడుగు పడి, కప్పుకు రూబెన్స్ వేసిన 39 పటాలు కాలిపోయినాయి. ఈ రెండూ బయటపడినాయి. 1773లో పోపు 14వ క్లెమెంట్ జెస్విట్ సభనే రద్దు చేసేసినాడు. అప్పుడు ఆంట్వెర్ప్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది, సభ ఆస్తులన్నీ ప్రభుత్వం చేతికి పోయినాయి. మహారాణి మరియా తెరీసా 1776లో ఈ రెండు పటాలనూ తన గ్యాలరీ కోసం కొని వియన్నాకు తెప్పించుకుంది. ఇప్పుడు కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉన్నాయి. దొంగతనం అనలేం.

సీమమిరప:
అనలేం ఏంది సామీ? స్వాధీనం చేసుకున్నది వాళ్ల సర్కారే, కొనుక్కున్నది వాళ్ల మహారాణే. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకున్నట్టు. గుడికి గానీ, ఆ పటం ముందు మోకరించిన జనానికి గానీ ఏం దక్కింది? మనూళ్లో పాత గుడి రథాన్ని ఏ కలెక్టరో వేలంలో పాడుకుంటే ఊరుకుంటామా?

పాతపటాలు:
నీ కోపం న్యాయమే, కాదనను. కానీ అక్కడే ఉండుంటే మాత్రం భద్రమా? 1794లో ఫ్రెంచి సైన్యం వచ్చి ఆంట్వెర్ప్ కతీడ్రల్‌లోని రూబెన్స్ పటాలను పారిస్‌కు మోసుకుపోయింది, నెపోలియన్ ఓడినాక 1815లో గానీ అవి తిరిగి రాలేదు. ఇక ఇవి వెనక్కి ఇవ్వాలంటే ఎవరికి ఇవ్వాలి? జెస్విట్ సభను 1814లో మళ్లీ బతికించినారు గానీ ఆ గుడి ఇప్పుడు పునీత చార్లెస్ బొరోమియో పేరు మీద ఉంది. పటాలు మార్చే ఆ కప్పీలు, తాళ్ల ఏర్పాటు మాత్రం ఇంకా ఉంది, వేరే చిత్రకారుల పటాలతో నడుస్తోంది.

బొమ్మలపిచ్చి:
చరిత్ర సరే, ఆ కొమ్ముల విగ్రహం సంగతి ఎవరూ ఎత్తరేం? శౌరివారు 1542లో గోవాలో దిగినారు, తర్వాత తమిళ తీరంలో ముత్యాలు ఏరే పరవల మధ్య పనిచేసినారు. రూబెన్స్ మాత్రం ఇండియా మొహమే చూడలేదు. కొమ్ముల దేవుడు ఆనాటి యూరపోళ్ల బుర్రలోంచి వచ్చినవాడు, మన ఏ గుడిలోంచీ కాదు. వెనక గుంపులో కొరియా దుస్తుల్లో ఒకాయన కూడా ఉంటాడు, ఆ మనిషికి రూబెన్స్ వేసిన డ్రాయింగ్ లాస్ ఏంజెలెస్‌లో గెట్టీ మ్యూజియం దగ్గరుంది. శౌరివారు కొరియాకు పోనేలేదు, 1552 డిసెంబరు 3న చైనా తీరంలో ఒక దీవిలో చనిపోయినారు. నాకైతే ఆ గుడ్డివాడి చేతులే అసలు పటం. వేళ్లు విప్పి గాలిని తాకుతుంటాడు, మొహం చూడకపోయినా చూపు లేదని తెలిసిపోతుంది.

కడపోడు:
అందరికీ థాంక్స్. మరి మాది ఏందో ఎట్లా తెలుసుకోవాలి? కింద ఏదో లాటిన్‌లో రాసుంది.

పాతపటాలు:
ఈ పటాన్ని చూసి మారినస్ అనే ఆయన 17వ శతాబ్దంలోనే రాగి రేకు మీద చెక్కి ముద్ర వేసినాడు. ఆ తర్వాత వాటికి ఫోటో తీసి అచ్చేసినవీ ఉంటాయి. మంచి భూతద్దం పెట్టి చూడు, సన్నటి చుక్కలు వరసగా కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చయింది, గోడకు అందమే తప్ప రేటు రాదు. చుక్కలు లేకుండా అన్నీ గీతలే ఉండి, బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గుర్తు కాగితంలో పల్లంగా తగిలితే అప్పుడు ఆలోచించాలి. ఫ్రేము నువ్వు విప్పొద్దు, కాగితం అద్దానికి అంటుకుని ఉంటే చిరిగిపోతుంది. తడిగుడ్డతో తుడవొద్దు. కింద లాటిన్ అక్షరాలు పడేటట్టు పగటి వెలుతుర్లో ఫోటో తీసి ఇక్కడ పెట్టు, అంతవరకు ఆ పాత సామాన్లు కొనే ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకోవద్దు.