తెర మీద తెరా, తెఱ మీద తెరా?

కొబ్బరాకు: ఎప్పుడో ఒక సైన్సు వ్యాసంలో చదివిన వాక్యం రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. గ్రఫీన్ అనే కర్బనపు పలుచటి రేకు మీద ప్లాస్మాన్ల, అంటే ఎలక్ట్రాన్ల అలల సంగతి. "ఒక్క అణువు మందం తెర మీద తెర..." అక్కడే ఆగిపోతోంది. తర్వాత "లేచింది" అనా, "పరుగెత్తింది" అనా? అసలు రెండు తెరలేమిటి, అచ్చుతప్పా?

అరసున్న: రెండో తెర అంటే అల. అది సరే. తప్పల్లా మొదటిదే. తెఱచేది కాబట్టి తెఱ, బండి ఱ పడాలి.

తెనాలి మాస్టారు: అరసున్న గారూ, తెఱచు వేరు, తెర వేరు. తమిళంలో తెరవడానికే బండి ఱ. "తిరై"కి మామూలు రేఫే. అలకూ తెరకూ, ఆఖరికి ఒంటి మీది ముడతకూ అదే మాట.

ఫిజిక్సు పంతులమ్మ: ముడతా! గ్రఫీన్‌కు అవీ పడతాయి మాస్టారూ, మూడర్థాలూ సరిపోయాయి. కానీ "అణువు" కాదు, పరమాణువు. ఇక "పరుగెత్తింది" అంటే కొంచెం ఎక్కువే. 2012లో ఈ అలల్ని బొమ్మ కట్టినప్పుడు వేసిన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అల పొడవు దాదాపు 11 మైక్రాన్లు. గ్రఫీన్‌లో పుట్టిన ఎలక్ట్రాన్ల అల 200 నానోమీటర్లే, అంటే మైక్రానులో అయిదో వంతు. అది అంచుకు కొట్టుకుని వెనక్కొచ్చి, అంచు వెంట నాలుగు చారలు కట్టి, కాస్త దూరంలోనే అణగిపోయింది.

అరసున్న: అయితే తెర గొడవెందుకు? "అల" అనేస్తే పోలా.

పాతపుస్తకాలు: పోదండీ. "అల వైకుంఠపురంబులో" అంటే పాలసముద్రం అల అనుకున్నాను పదో తరగతి దాకా! "అల్లదిగో" అని చూపించే అల అని మా తాతగారు చెప్పి నవ్వారు. ఆ పద్యంలో ఇందుకాంతోపలం ఉంది చూశారూ, వెన్నెల సోకితే చెమరుస్తుందని చెప్పుకునే రాయి. పోతన గారు వెలుగుకీ రాయికీ ఎప్పుడో ముడిపెట్టారు.

ఫిజిక్సు పంతులమ్మ: గ్రఫీన్ అంత జాలిగుండెది కాదు లెండి. ఉత్త వెలుగు సోకితే చాలదు. వెలుగు అల మరీ పొడుగు, దాని అల మరీ పొట్టి, పొంతన కుదరదు. లోహపు పూత ఉన్న సూదిమొన దగ్గర పెట్టి లేపాలి. లేదా 2011లో అమెరికాలోని బర్క్‌లీలో చేసినట్టు సన్నటి పట్టీలుగా కోయాలి. అక్కడ ఆ అల టెరాహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు లక్ష కోట్ల ఊపుల స్థాయిలో పలికింది. వోల్టేజి మారిస్తే శ్రుతి మారుతుంది.

తెనాలి మాస్టారు: "లేపాలి" అన్నారు. కాబట్టి "లేచింది" అనే ఉండాలి.

కొబ్బరాకు: నాకు "పరుగు" అనే గుర్తండీ...

అరసున్న: అదలా ఉంచండి. ఆ పద్యంలోనే "సౌధంబు దాపల" అన్నచోట దాపల అంటే దగ్గరా, ఎడమ పక్కా? ఎద్దుల్లో దాపలిది ఎడమదే కదా?

పాతపుస్తకాలు: దగ్గరే!

తెనాలి మాస్టారు: ఎడమ. రాత్రికి వివరంగా రాస్తాను.