లేఅవుట్ షీటులోంచి బయటికి రాలేకపోతున్నాను, స్కేలు ప్రతిసారీ మారిపోతోంది

మధురవాడ నుంచి అడిగినవారు:
నమస్కారం. ఉదయం పది గంటలకు కూర్చున్నాను, ఇప్పుడు నాలుగు దాటింది, ఒక్క షీటు కూడా తేలలేదు. విశాఖ పక్కన ఆనందపురం దగ్గర ఆరెకరాల లేఅవుట్ ఇది, కంప్యూటరులో ఆటోక్యాడ్‌తో గీస్తున్నాను. మోడల్‌లో, అంటే అసలు బొమ్మ గీసే చోట, అన్నీ సరిగానే ఉన్నాయి. లేఅవుట్‌లోకి వచ్చి, బొమ్మను కొద్దిగా జరపడానికి దాని మీద డబుల్ క్లిక్ చేసిన తరువాత మళ్లీ షీటు మీదకు రాలేకపోతున్నాను. మౌస్ చక్రం తిప్పితే షీటు కదలదు, లోపలి బొమ్మ మాత్రమే పెద్దదీ చిన్నదీ అవుతోంది. మోడల్ ట్యాబ్‌కు వెళ్లి తిరిగి వచ్చినా అదే పరిస్థితి. షీటు వివరాలు రాసే టైటిల్ బ్లాక్‌లో రాసిన సర్వే నంబరు ఒక షీటులో ఉంటోంది, ఇంకొక షీటులో ఉండడం లేదు. స్కేళ్ల జాబితాలో 1:500 ఎంచుకుంటే బొమ్మే మాయమవుతోంది కనుక కంటికి సరిపోయేంతవరకు చక్రంతోనే సర్దాను. ద్వారకానగర్‌లో ప్లాట్ తీయించి కొలిస్తే, 24 మిల్లీమీటర్లు రావలసిన 12 మీటర్ల రోడ్డు 19 మాత్రమే వచ్చింది. రేపు ఉదయం ఇది ఇవ్వాలి. దయచేసి ఎవరైనా చెప్పండి.

గాజువాక పైపింగ్:
పీఎస్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి.

పెందుర్తి సర్వేయర్:
ముందుగా ఒక మాట. మీరు ఏ లేఅవుట్ గురించి అడుగుతున్నారు? ఆరెకరాల లేఅవుట్ అన్నారు, వెంటనే లేఅవుట్‌లోకి వచ్చాను అన్నారు. పట్టణాభివృద్ధి సంస్థ వుడా కాలం నుంచీ మన విశాఖలో లేఅవుట్ అంటే ప్లాట్లుగా విడగొట్టిన స్థలమే, 2018లో దాని స్థానంలో వీఎంఆర్‌డీఏ వచ్చిన తరువాత కూడా ఆ మాట మారలేదు. ప్లాట్ అన్న మాటా అంతే, ఒకచోట స్థలం, ఇంకొకచోట ప్రింటు. సైటు పనివారికి ఫోనులో చెప్పేటప్పుడు ఈ రెండు మాటల వల్ల ఎంత గందరగోళం జరుగుతుందో నేను చాలాసార్లు చూశాను. స్థలాన్ని లేఅవుట్ అనండి, కంప్యూటరులో ఉన్నదాన్ని షీటు అనండి.

సీతమ్మధార, పాత డ్రాఫ్ట్స్‌మన్:
షీటు అంటే సరిపోదండీ. ఆటోక్యాడ్‌లో పేపర్ స్పేస్, అంటే ప్రింటుకు కాగితం సర్దుకునే చోటు, 1990లో, రిలీజ్ 11తో వచ్చింది. అప్పట్లో ఒక ఫైలుకు ఒకే కాగితం, అటూ ఇటూ మారడానికి టైల్‌మోడ్ అనే విలువను 1 నుంచి 0కు మార్చేవాళ్లం. ఒకే ఫైలులో అనేక లేఅవుట్ ట్యాబ్‌లు ఆటోక్యాడ్ 2000తో వచ్చాయి. కనుక పేపర్ స్పేస్ అనేది పనిచేసే చోటు, లేఅవుట్ అనేది ఆ చోట పరిచిన ఒక్కొక్క కాగితం. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, లేఅవుట్ ట్యాబ్‌లో ఉంటూనే మోడల్ స్పేస్‌లో పనిచేయవచ్చు. మీకు జరిగింది సరిగ్గా అదే. వ్యూపోర్ట్ అనేది కాగితానికి కోసిన కిటికీ. దానిలో డబుల్ క్లిక్ చేయగానే మీరు కిటికీ దాటి మోడల్‌లోకి దిగారు, కాగితం మాత్రం కళ్లముందు అలాగే ఉంది. అప్పుడు టైప్ చేసిన సర్వే నంబరు కాగితం మీద పడదు, మోడల్‌లోకే పోతుంది. అందుకే ఆ చోటును చూపే కిటికీ ఉన్న షీటులో కనిపించింది, ఇంకొక షీటులో కనిపించలేదు.

పెందుర్తి సర్వేయర్:
నేను అడిగినది మాట గురించి, మీరు చరిత్ర చెప్పారు. అడిగినవారి ఫైలులో రెండు అర్థాలూ ఉన్నాయి కదా.

సీతమ్మధార, పాత డ్రాఫ్ట్స్‌మన్:
మాట తేలకపోతే ఆదేశం కూడా తేలదని మీరే ఒప్పుకుంటారు. పీఎస్ అంటే పేపర్ స్పేస్, ఎంఎస్ అంటే మోడల్ స్పేస్. కిటికీ బయట డబుల్ క్లిక్ చేసినా కాగితానికి తిరిగి రావచ్చు. అయితే వీరు గీసిన వ్యూపోర్ట్ కాగితం కంటే పెద్దదై తెరనంతా నింపేసినట్టుంది, క్లిక్ చేయడానికి బయట అనేదే మిగలలేదు. ఎక్కడ ఉన్నామో తెలియకపోతే మూలనున్న గుర్తును చూడండి, త్రికోణం కనిపిస్తే కాగితం మీద ఉన్నట్టు. కిటికీ అంచు లావుగా కనిపిస్తే మోడల్‌లో ఉన్నట్టు.

ఎంవీపీ కాలనీ, సివిల్:
అసలు విషయం ఎవరూ అడగలేదు. మీరు గీసింది మీటర్లలోనా, మిల్లీమీటర్లలోనా? ఏ వెర్షన్? వ్యూపోర్ట్‌కు తాళం వేశారా?

మధురవాడ నుంచి అడిగినవారు:
మీటర్లలోనే. సర్వే పాయింట్లు మీటర్లలో వస్తాయి కదా, వేరే ఎలా గీస్తాం? తాళం అంటే ఏమిటో తెలియదు.

ఎంవీపీ కాలనీ, సివిల్:
అయితే 1:500 ఎంచుకున్నప్పుడు బొమ్మ మాయం కాలేదు, వెయ్యి రెట్లు చిన్నదై చుక్కగా మిగిలింది. కాగితం మిల్లీమీటర్లలో ఉంది, బొమ్మ మీటర్లలో ఉంది. 1:500 దగ్గర ఒక మీటరు కాగితం మీద 2 మిల్లీమీటర్లు కావాలి. కాబట్టి వ్యూపోర్ట్‌లో ఉండగా జూమ్ ఇచ్చి 2ఎక్స్‌పీ అని కొట్టండి, లేదా జాబితాలో 2:1 ఎంచుకోండి. రోడ్డు 24 మిల్లీమీటర్లకు వస్తుంది. ఏ1 కాగితం 841 × 594 మిల్లీమీటర్లు, అంటే ఆ స్కేలులో సుమారు 420 × 297 మీటర్ల స్థలం పడుతుంది. ఆరెకరాలంటే సుమారు 24,280 చదరపు మీటర్లు, మరీ సన్నగా పొడుగ్గా ఉన్న స్థలం కాకపోతే హాయిగా సరిపోతుంది.

స్కేలు కుదిరిన వెంటనే పీఎస్ కొట్టి, వ్యూపోర్ట్ అంచును ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో డిస్‌ప్లే లాక్డ్ దగ్గర యెస్ పెట్టండి. ఇక పొరపాటున లోపలికి దిగి చక్రం తిప్పినా కాగితమంతా కలిసి పెద్దదవుతుందే తప్ప స్కేలు చెడదు. ఈ తాళం వేయకుండా ఎవరూ ప్లాట్‌కు ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే తప్పు స్కేలుతో వెళ్లిన కాగితాన్ని నమ్మి సైటులో రాళ్లు పాతేస్తే సరిచేయడం ఎవరి తరమూ కాదు. ప్రింటు లేఅవుట్ నుంచి 1:1లోనే తీయాలి, ఫిట్ టు పేపర్ టిక్ ఉంటే తీసేయండి.

గాజువాక పైపింగ్:
మోడల్‌లో పడిన అక్షరాలను కాగితం మీదకు తేవడానికి చేంజ్‌స్పేస్ ఆదేశం వాడండి, పేరు సీహెచ్‌స్పేస్. లేఅవుట్ ట్యాబ్‌లోనే, ఆ వ్యూపోర్ట్ లోపల ఉండి ఇవ్వాలి. మోడల్ ట్యాబ్‌లో పనిచేయదు.

మధురవాడ నుంచి అడిగినవారు:
పీఎస్ పనిచేసింది, షీటు మీదకు వచ్చాను. రోడ్డు 24 వచ్చింది. షాపు మూసేలోపు ప్లాట్‌కు వెళ్తున్నాను, ధన్యవాదాలు.

ఎంవీపీ కాలనీ, సివిల్:
సర్వే నంబరు మిగతా షీటులలోకి వచ్చిందో లేదో చూసుకున్నారా? తాళం వేశారా?

పెందుర్తి సర్వేయర్:
స్థలం లేఅవుట్‌కు, షీటు లేఅవుట్‌కు ఫైలు పేర్లు కూడా వేరువేరుగా పెట్టుకోండి.