సీటీలో నార్మల్ అన్నారు, మర్నాడు ఎంఆర్‌ఐలో బయటపడింది. మరి ఆ సీటీ దండగేనా?

ఒంగోలు అబ్బాయి:
పోయిన నెల మా నాన్నకి పొద్దున్నే పేపరు చదువుతుంటే కుడి చెయ్యి పట్టు తప్పింది, మూతి ఒక పక్కకి లాగింది, మాట ముద్దగా వచ్చింది. గంటన్నరలో ఆసుపత్రికి చేర్చాం, పేరు ఎందుకులెండి. వెళ్ళగానే తలకి సీటీ తీశారు, కాసేపటికే నార్మల్ అని రిపోర్టు వచ్చింది. హమ్మయ్య అనుకున్నామో లేదో, డాక్టరుగారు వచ్చి ఇది స్ట్రోకే, అంటే పక్షవాతం, క్లాట్ (రక్తపు గడ్డ) కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి, సంతకం పెట్టండి అన్నారు. నార్మల్ అనేదీ మీరే, అంత ఖరీదు ఇంజెక్షన్ అనేదీ మీరే, ఏంటండీ ఇది అని మా బాబాయి ఒకటే గొడవ. చివరికి సంతకం పెట్టాం. మర్నాడు మళ్ళీ ఒక సీటీ, ఆ మీదట ఎంఆర్‌ఐ. ఎంఆర్‌ఐలో ఎడమ వైపు తెల్లటి మచ్చ స్పష్టంగా ఉంది, మాకే చూపించారు. ఇప్పుడు నాన్న బాగున్నారు, చెయ్యి ఆడుతోంది, అన్నం తనే కలుపుకుంటున్నారు.

నా డౌటల్లా ఒకటే. కనిపించేది ఎంఆర్‌ఐలోనే అయినప్పుడు ముందే అది తీయొచ్చుగా? పైగా స్కానింగ్ సెంటరు వాళ్ళు మాది 3 టెస్లా మిషను అని పక్క సెంటరు కంటే రెండు వేలు ఎక్కువ తీసుకున్నారు. అది నిజంగా అంత గొప్పదా?

వాగుడుకాయ:
దండగ మీకు, పండగ వాళ్ళకి. కోట్లు పోసి మిషను కొన్నాక దాన్ని ఖాళీగా ఉంచుతారా? తలనొప్పి అంటే ఎంఆర్‌ఐ, నడుం పట్టేసిందంటే ఎంఆర్‌ఐ, రాసిన వాళ్ళకి నెల తిరిగేసరికి కవరు. మా నాయనమ్మ కాలంలో నాడి పట్టుకుని చెప్పేవాళ్ళు. ఇప్పుడు మనిషి వంక చూడకుండానే చీటీ రాసేస్తున్నారు.

ఫిల్మ్‌వాలా:
నేను విజయవాడలో రేడియోగ్రాఫర్‌ని. కవర్ల సంగతి కాదనను, ఈ ఫీల్డులో ఉన్నవాణ్ణి కాబట్టి మీకంటే ఎక్కువే చూశాను. మామూలు నడుం నొప్పికి వారం తిరక్కుండానే ఎంఆర్‌ఐ రాసే వాళ్ళని తిట్టాలంటే నేనూ వస్తా మీతో. కానీ స్ట్రోక్‌లో తీసే సీటీని ఆ గాటన కట్టకండి.

పక్షవాతం రెండు రకాలుగా వస్తుంది. మెదడులో రక్తనాళం క్లాట్‌తో మూసుకుపోయి కొన్నిసార్లు, అదే నాళం చిట్లి కొన్నిసార్లు. మంచం మీదున్న మనిషిని పైనుంచి చూసి ఏ రకమో గట్టిగా చెప్పడం ఎంత పెద్ద న్యూరాలజిస్టు వల్లా కాదు. మొదటిదానికి మందు ఆ ఇంజెక్షనే. పొరపాటున రెండోదానికి ఇచ్చారా, కారుతున్న రక్తం ఇంకా కారి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆ గంటలో డాక్టరు సీటీని అడిగేది లోపల రక్తం కారిందా లేదా అని మాత్రమే. కారలేదు అని తేలింది, ఇంజెక్షన్ ఇచ్చారు. నార్మల్ అన్న మాట మీకు జబ్బేమీ లేదన్నట్టు వినపడింది, డాక్టరుకి ఇంక ఆగక్కర్లేదన్నట్టు వినపడింది.

ఇక ఎందుకు కనిపించలేదు అంటే, సీటీ బొమ్మలో ప్రతి చుక్కకీ ఒక నంబరు ఉంటుంది, దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటాం, సీటీ కనిపెట్టిన ఇంజనీరు పేరు మీద. నీళ్ళకి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకి వెయ్యి, ఆ పైన. మామూలు మెదడు 25 నుంచి 40 మధ్య ఉంటుంది. తాజాగా గడ్డకట్టిన రక్తం 60, 70 చూపిస్తుంది కాబట్టి బూడిదరంగు మెదడులో తెల్లగా కొట్టొచ్చినట్టు ఉంటుంది, నిన్న చేరిన కుర్రాడు కూడా పట్టేస్తాడు. అదే రక్తం అందక దెబ్బతింటున్న చోట మొదటి గంటల్లో నంబరు రెండో మూడో తగ్గుతుంది, అంతే. 35 ఉన్నది 33 అయితే కంటికి ఏం ఆనుతుంది చెప్పండి? అక్కడికి నీరు చేరి నల్లబడి బాగా తేలడానికి చాలా గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు కూడా.

ఎంఆర్‌ఐలో డిఫ్యూజన్ అని ఒక సీక్వెన్స్ ఉంటుంది, అది నీటి అణువుల కదలికని పట్టుకుంటుంది. రక్తం ఆగగానే కణాలు ఉబ్బిపోయి నీళ్ళు అటూ ఇటూ కదలడానికి చోటు ఉండదు, అందుకే కొద్ది నిమిషాల్లోనే ఆ భాగం మెరుస్తుంది. మీరు చూసిన మచ్చ అదే.

మరి అదే ముందు తీయొచ్చుగా అంటారా? ఎంఆర్‌ఐ మిషను అంటేనే పెద్ద అయస్కాంతం, అది ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ అయ్యాక కట్టేసేది కాదు. లోపలికి పంపే ముందు పేస్‌మేకర్ ఉందా, ఎప్పుడైనా మెదడులో క్లిప్పు వేశారా, కంట్లో ఇనుప రజను పడిందా, అన్నీ అడగాలి. మాట పడిపోయిన మనిషి ఏం చెప్తాడు, ఇంట్లోవాళ్ళు కంగారులో ఉంటారు. ఉంగరం, మొలతాడుకి కట్టిన తాయెత్తు, జేబులో తాళాలు, అన్నీ తీయించాలి. ఆక్సిజన్ సిలిండరు మామూలుది లోపలికి వెళ్ళిందా, గాల్లోకి లేచి మిషనుకి కొట్టుకుంటుంది, మధ్యలో ఉన్న మనిషి పోతాడు. ఆ తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. సీటీకి ఇవేవీ లేవు, తల స్కాన్ సెకన్లలో అయిపోతుంది. మెదడులో పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నరకణాలు చచ్చిపోతాయని లెక్క. ఎంఆర్‌ఐ ముందు తీసే పెద్ద సెంటర్లూ ఉన్నాయి, కానీ దానికి అంతా సిద్ధంగా ఉండే టీము కావాలి.

ఒంగోలు అబ్బాయి:
చాలా థాంక్స్ అన్నా, ఇంత వివరంగా అక్కడెవరూ చెప్పలేదు. చెప్పే టైం కూడా లేదనుకోండి. మర్నాడు రెండో సీటీ ఎందుకు మరి? ఒక్క రోజు తేడాలో రెండుసార్లు రేడియేషన్ అని అమ్మకి టెన్షన్.

శ్రీలత కరీంనగర్:
రెండోది కూడా రూలు ప్రకారమే తీశారు. ఆ ఇంజెక్షన్ ఇచ్చిన 24 గంటలకి లోపల ఎక్కడా రక్తం కారలేదని చూసుకున్నాకే రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆస్పిరిన్ లాంటివి మొదలుపెడతారు. నేను మెడిసిన్‌లో పీజీ చేస్తున్నా, మా వార్డులో రోజూ ఇదే పని.

రేడియేషన్ గురించి అమ్మగారికి ఇలా చెప్పండి. తల సీటీ ఒకసారికి సుమారు 2 మిల్లీసీవర్టులు, ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క అది. మనం ఏ స్కానూ తీయించుకోకపోయినా మట్టి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి 2.4 దాకా ఒంటికి తగులుతూనే ఉంటుంది. మీ నాన్నగారి వయసులో, ఆ పరిస్థితిలో రెండు స్కాన్లు పెద్ద లెక్కలోకి రావు. చిన్నపిల్లల విషయం వేరు. పిల్లవాడు మంచం మీద నుంచి పడ్డాడు, దేనికైనా మంచిది సీటీ తీయండి అని మా ప్రాణం తీసే తల్లిదండ్రులు ఉంటారు, అక్కడ మాత్రం వద్దని గట్టిగానే చెప్తాం. ఎంఆర్‌ఐలో అసలు ఈ రేడియేషనే ఉండదు.

3 టెస్లా సంగతి. టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత. 1.5 టెస్లా అంటేనే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. స్ట్రోక్ చూడడానికి అది చాలు. ఫిట్స్ పేషెంట్లకి మెదడులో చిన్న లోపం వెతకాలన్నా, కీళ్ళలో సన్నటి చిరుగు చూడాలన్నా 3 టెస్లాతో లాభం ఉంటుంది. ఒంట్లో రాడ్లు, స్క్రూలు ఉన్నవాళ్ళకి అందులో బొమ్మ ఇంకా చెడిపోవచ్చు, కొన్ని ఇంప్లాంట్లకి 1.5 వరకే అనుమతి. మీరు కట్టిన రెండు వేలు బోర్డుకి కట్టినట్టే. నన్నడిగితే టెస్లా కంటే రిపోర్టు కింద సంతకం ఎవరిదో చూసుకోవడం ముఖ్యం.

డాలస్ బావ:
ఇక్కడ నేను హాస్పిటల్ ఐటీలో పని చేస్తా, స్కాన్లు దాచే సర్వర్లు చూసుకోవడం నా డ్యూటీ. స్ట్రోక్ కేసు రాగానే మామూలు సీటీ, వెంటనే నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్, పేషెంటు బల్ల మీద ఉండగానే సాఫ్ట్‌వేర్ చూసి పెద్ద నాళం మూసుకుందని అనుమానం వస్తే న్యూరో టీము ఫోన్లకి అలర్టు కొడుతుంది. ఇలాంటిదానికి అమెరికాలో మొదటి అనుమతి 2018లో వచ్చింది, విజ్ ఏఐ అనే కంపెనీకి. అదే ఏడాది ఇంకో పెద్ద మార్పు. క్లాట్‌ని తొడ దగ్గర నుంచి తీగ పంపి లాగేసే పద్ధతికి అంతకు ముందు 6 గంటలే గడువు, ఆ ఏడాది వచ్చిన గైడ్‌లైన్స్‌తో కొంతమందికి 24 గంటల దాకా పెరిగింది. మెదడులో ఎంత భాగం పోయింది, ఎంత ఇంకా కాపాడుకోవచ్చు అని స్కాన్ చూపించగలిగింది కాబట్టే అది కుదిరింది. మన దగ్గర కూడా ముంబై కంపెనీ క్యూర్ ఏఐ ఉంది, తల సీటీలో రక్తస్రావం పట్టే సాఫ్ట్‌వేర్, ఎక్స్‌రేలో టీబీ పట్టేది, రెండూ చేశారు.

వాగుడుకాయ:
సరే, స్ట్రోక్ వరకు ఒప్పుకుంటున్నా. నడుం నొప్పి దగ్గర నా మాట నాదే. అయినా కంప్యూటరే చూసేస్తుంటే ఇక రేడియాలజిస్టు ఫీజు ఎందుకో?

ఫిల్మ్‌వాలా:
కంప్యూటరు తనకి నేర్పిన ఒకటి రెండు విషయాలే చూస్తుందండీ. రక్తం ఉందా అంటే చెప్తుంది, పక్కనే సైనస్‌లో ఉన్న గడ్డ దాని పని కాదు. టీబీకి మాత్రం అది నిజంగా పనికొచ్చింది, రేడియాలజిస్టు లేని చోట ఎక్స్‌రే చదవడానికి ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. మన్యంలో చేతిలో పట్టే ఎక్స్‌రే మిషనుతో క్యాంపు పెడితే అక్కడికక్కడే ఎవరికి కఫం టెస్టు చేయాలో తేలుతుంది.

ఒంగోలు తమ్ముడూ, నీకు ఒక పని. ఫిల్ములు చాలవు, రెండు సీటీలవీ ఎంఆర్‌ఐదీ సీడీ అడిగి తీసుకో. ఫిల్ము మీద మేం ఒకే వెలుతురులో ముద్రించిన బొమ్మ ఉంటుంది, సీడీలో నేను చెప్పిన ఆ నంబర్లన్నీ ఉంటాయి, తర్వాత ఏ డాక్టరు చూసినా తనకి కావలసినట్టు మార్చుకుని చూస్తాడు. ఫిల్ముని ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో సెకండ్ ఒపీనియన్ అడిగే వాళ్ళు రోజూ తగులుతారు, అందులో ఎవరికీ ఏమీ కనపడదు. సీడీ ఇవ్వగానే జేబులో పెట్టేసుకోకు, పేరూ తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే తెరిపించి చూడు, ఖాళీవి కూడా ఇచ్చేస్తుంటారు.