నెల ప్యాకేజీ క్లయింటు రాత్రి పదకొండుకు "చిన్న మార్పు" అంటున్నారు, ఎలా ఆపాలి?

గుంటూరు డిజైనర్: అందరికీ నమస్కారం. ఇంటి నుంచే గ్రాఫిక్ డిజైన్ చేస్తున్నాను. ఒక కోచింగ్ సెంటర్‌కి నెలకి 15 సోషల్ మీడియా పోస్టులు, 12,000 రూపాయలు అని నోటిమాటగా అనుకున్నాం. ఇప్పుడు ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆఖరికి డైరెక్టర్ గారి ఇంట్లో ఓణీల ఫంక్షన్ కార్డు కూడా అదే డబ్బులో. డైరెక్టర్ గారు ఓకే అన్నది మేనేజర్ గారు మార్చమంటారు. "ఐదు నిమిషాల పనే కదమ్మా" అని రాత్రి పదకొండుకు వాయిస్ మెసేజ్. రెండు నెలల డబ్బు ఇంకా రాలేదు. నా సంపాదనలో సగం వీళ్లదే, గట్టిగా మాట్లాడితే పోతారేమోనని టెన్షన్‌గా ఉంది.

వెబ్ పనులు, హైదరాబాద్: ఇలాంటివాళ్లు మారరండీ. బాకీ వసూలు చేసుకుని వదిలేయండి.

పాత డీటీపీ, విజయవాడ: సగం సంపాదన వదిలేయమని చెప్పడం తేలికే. అమ్మా, ముందు ఒక సంగతి చూడండి. ప్యాకేజీలో ఏముందో వాళ్ల దగ్గర కాగితం మీద లేదు. అడిగినప్పుడల్లా పని వస్తుంటే ఎవరైనా అడుగుతూనే ఉంటారు. కోపంగా ఫోన్ చేయకండి, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అని ఒక మెసేజ్ పెట్టండి. ఇలా:

"సార్, వచ్చే నెల నుంచి పని పద్ధతి రాసి పంపుతున్నాను. ప్యాకేజీలో 15 పోస్టులు, ఒక్కోదానికి రెండుసార్లు మార్పులు. ఫ్లెక్సీ, కరపత్రం, కార్డులకు విడిగా రేటు. మార్పులు మేనేజర్ గారు ఒక్కరే, అన్నీ కలిపి ఒకే మెసేజ్‌లో పంపాలి. సాయంత్రం ఏడు తర్వాత వచ్చినవి మర్నాడు పదింటికి చూస్తాను. సరేనంటే 'ఓకే' అని రిప్లై ఇవ్వండి."

ఆ 'ఓకే' స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఇందులో అన్నిటికంటే ముఖ్యం ఒక్కరే చెప్పాలన్న షరతు. డైరెక్టర్‌కీ మేనేజర్‌కీ కుదరకపోతే వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి, మధ్యలో మీరు మూడోసారి గీయకూడదు. స్పెల్లింగ్ తప్పు మీదైతే ఎన్నిసార్లయినా ఉచితంగా దిద్దండి. వాళ్లు ఓకే అన్నాక మనసు మార్చుకుంటే మాత్రం బిల్లులో వేయండి. ఈ తేడా పాటిస్తే పేచీ రాదు.

ఫంక్షన్ కార్డు సంగతి వేరు. ఇంటి శుభకార్యం కదా, చేసి పెట్టండి. బిల్లులో దాని ధర వేసి, కింద "తగ్గింపు" అని అంతే తీసేయండి. ఆ పనికి ఒక విలువ ఉందని వాళ్లకి కాగితం మీద కనబడుతుంది.

గుంటూరు డిజైనర్: థాంక్స్ అండీ. కానీ ఇంటర్, ఎప్‌సెట్ ఫలితాల రోజున రాత్రి పని తప్పదు. ర్యాంకుల ఫ్లెక్సీ తెల్లారేసరికి సెంటర్‌లో ఉండాలంటారు.

పాత డీటీపీ, విజయవాడ: అది న్యాయమే. ఆ రోజు కూడా ఏడింటికి ఫోన్ ఆపేస్తే వ్యాపారం తెలియదనుకుంటారు. ఫలితాల రోజుకి అర్జెంట్ రేటు ముందే రాసుకోండి, మామూలుకి ఒకటిన్నర రెట్లు అడగొచ్చు. లేఅవుట్ ముందే సిద్ధం చేసి పెట్టండి. పిల్లల ఫొటోలు, పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు వాళ్లు ఒకే ఫైల్‌లో ఇస్తేనే మొదలుపెట్టండి. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా వస్తే ఒకరి ఫొటో కింద ఇంకొకరి ర్యాంకు పడుతుంది. పండుగ పోస్టుల జాబితా కూడా నెల మొదట్లోనే అడిగేసుకోండి, ఉగాది ఎప్పుడో క్యాలెండర్‌లో ఉంటుంది కదా!

వెబ్ పనులు, హైదరాబాద్: వాట్సాప్ బిజినెస్ యాప్‌లో పని వేళలు పెట్టుకుని, 'అవే మెసేజ్' కూడా రాసి ఆన్ చేసుకుంటే, ఆ వేళల తర్వాత వచ్చిన మెసేజ్‌కి అదే జవాబిస్తుంది. ఏడు దాటాక మీరు ఒక్కసారి రిప్లై ఇచ్చినా అదంతా వృథా. చూసినా జవాబివ్వకండి.

అకౌంట్స్ పని: బాకీ గురించి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) చేసుకోండి, ఆధార్, పాన్ చాలు, ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం. అచ్చం అలాగే కనబడే ప్రైవేటు సైట్లు ఫీజు అడుగుతాయి, చూసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇవ్వకపోతే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అయితే రిజిస్ట్రేషన్‌కి ముందు చేసిన పనికి ఇది వర్తిస్తుందన్న ధీమా పెట్టుకోకండి, పాత బాకీ మాటలతోనే రాబట్టాలి. ఇకమీదట బిల్లు మీద ఉద్యమ్ నంబరు, చెల్లించాల్సిన తేదీ రెండూ వేయండి.

గుంటూరు డిజైనర్: పాత బాకీ ఇచ్చేదాకా పని ఆపేయొచ్చా?

పాత డీటీపీ, విజయవాడ: పూర్తిగా ఆపకండి. వాటర్‌మార్కు వేసిన ప్రూఫ్ పంపుతూ ఉండండి, ప్రింటుకి పనికొచ్చే ఫైలు మాత్రం డబ్బు పడ్డాకే అని చెప్పండి. ఒకేసారి ఇవ్వలేమంటే ఈ నెల అడ్వాన్సుతో పాటు పాతదాంట్లో సగం అడగండి. అడ్మిషన్ల సీజన్‌కి ముందే అడగండి, అప్పుడు వాళ్లకీ మీ అవసరం ఎక్కువ.